పావుగంట విశ్రాంతి

మా సంస్థలో విశ్రాంతి తీసుకునేలోపు ఎవరూ ఏమీ కనిపెట్టకూడదని ఒక ఉత్తర్వు ఉంది. ఈ మాట చెబితే బయటివాళ్ళు నవ్వుతారు. నవ్వేవాళ్ళు సాధారణంగా ఉత్తర్వు పూర్తిగా చదవనివాళ్ళే. దాని ముసాయిదా రాసింది నేను కాబట్టి, అది ఎలా పుట్టిందో, ఎవరి మెడకు చుట్టుకుందో చెప్పే అర్హత నాకు ఉంది.

నా పేరు పానకాలరావు. అపరాల పరిశోధనా సంస్థలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంటుని. అపరాలంటే కందులు, మినుములు, పెసలు వగైరా. వాటి మీద పరిశోధన చేసేవాళ్ళు మా దగ్గర నలభై ఒక్కమంది ఉన్నారు. వాళ్ళ మీద పరిశోధన చేసేవాణ్ణి నేను. ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరికి ఎన్ని సెలవులు మిగిలాయి, ఎవరు ఏ తేదీన ఇంటికి పోతారు, అన్నీ నాకు కంఠతా వచ్చు. కంది మొక్క ఏదో పెసర మొక్క ఏదో మాత్రం ఇప్పటికీ ఎవరినైనా అడిగి తెలుసుకుంటాను.

మా డైరెక్టరు డాక్టర్ భువనమోహనరావు గారు చేపల శాఖ నుంచి బదిలీ మీద వచ్చారు. ఆయనకు సినిమాలంటే ప్రాణం. విజ్ఞాన వారోత్సవాలకు వ్యాసరచన పోటీలు పెట్టడం పాతబడిపోయిందని, ఆ ఏడు మా ఆడిటోరియంలో ఐదు రోజులపాటు మహా శాస్త్రవేత్తల జీవితకథల సినిమాలు వేయించారు. అన్నీ నలుపు తెలుపువి, పరాయి దేశాలవి, మా తాతల కాలం నాటివి. హాజరు తప్పనిసరి. రానివాళ్ళకు సగం రోజు సెలవు కోత.

సినిమాలు బాగున్నాయి, కాదనను. ఒకదాంట్లో ఒకాయన చలికాలంలో ఒంటిమీది కోటు అమ్మి గాజు గొట్టాలు కొంటాడు. ఇంకోదాంట్లో ఒకావిడ మంచులో మేడమీద నిలబడి నక్షత్రాలు లెక్కపెడుతుంటే సిరాబుడ్డి గడ్డకట్టిపోతుంది. అందరూ దగ్గుతారు. ఊళ్ళో పెద్దలు నవ్వుతారు. చివరికి ఆ నవ్విన పెద్దే అందరికంటే ముందు లేచి చప్పట్లు కొడతాడు. మూడో రోజు నేను కళ్ళు తుడుచుకున్నాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

ఆ సినిమాల్లో విశ్రాంతి ఉండదు. ఆ దేశాల వాళ్ళు ఒక్క బిగిన కూర్చుని చూసేస్తారట. మాకు అలా కుదరదు, క్యాంటీన్ కోటిలింగం పునుగులు అమ్ముడుపోవాలి. అందుకని ఆపరేటరు ఒక గాజు పలక మీద ‘విశ్రాంతి’ అని అందంగా రాయించి దగ్గర పెట్టుకున్నాడు. నూనె కాగి మొదటి వాయి దిగగానే కోటిలింగం కిటికీ దగ్గరికొచ్చి ఈల వేసేవాడు. సినిమా ఎక్కడుంటే అక్కడ ఆపి ఆపరేటరు పలక వేసేవాడు. ఐదు రోజులూ ఆ ఈల, ప్రయోగం చెడిపోయి శాస్త్రవేత్త తల పట్టుకు కూర్చున్నప్పుడే పడింది. కట్టెల పొయ్యి మీద అంత నూనె కాగడానికి రోజూ పట్టే సమయం ఒకటే కదా మరి.

ఆరో రోజు డైరెక్టరు గారు అందరినీ పిలిపించారు.

“మిత్రులారా! ఐదు మహోన్నత జీవితాలను మనం దర్శించాం. వాటిలో అంతర్లీనంగా ఉన్న సార్వత్రిక సూత్రం మీలో ఎవరి దృష్టికైనా వచ్చిందా?”

పునుగుల్లో అల్లం ఎక్కువైందన్నది తప్ప ఎవరి దృష్టికీ ఏమీ రాలేదు.

“విశ్రాంతికి ముందు ప్రతి ప్రయోగమూ విఫలమైంది! విశ్రాంతి తరువాత ప్రతి ప్రయోగమూ ఫలించింది! ఐదింటికి ఐదూ! ఇది యాదృచ్ఛికమా? ఈ సంస్థ స్థాపించి ముప్పయ్యారేళ్ళయింది. ఏం సాధించాం? ఎందుకు సాధించలేదు? ఎందుకంటే, మనవాళ్ళు మొదటి రోజు నుంచే విజయం కోసం తాపత్రయపడుతున్నారు. ఇది విజ్ఞాన సంప్రదాయానికే విరుద్ధం. ఇకమీదట మనం క్రమపద్ధతిలో విఫలమవుదాం!”

ఆ సాయంత్రమే ఆయన నలభై రోజుల పరిపాలనా శిక్షణకు ఏదో చల్లటి దేశం వెళ్ళాలి. కారు ఎక్కుతూ నాకు ఒక్క వాక్యం చెప్పి, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చారు. ఆ వాక్యం ఇది: ‘సంస్థలోని ప్రతి పరిశోధనయు విశ్రాంతికి ముందు విఫలము కావలెననియు, విశ్రాంతి తరువాత మాత్రమే ఫలించవలెననియు ఇందుమూలముగా ఆదేశించడమైనది.’

ఇరవై తొమ్మిదేళ్ళ నా సర్వీసులో మా సెక్షన్‌లో విశ్రాంతి అన్న మాటకు ఒకటే అర్థం. విశ్రాంత ఉద్యోగి, విశ్రాంత జీవితం, విశ్రాంత ఉపాధ్యాయుల సంఘం. పునుగుల సంగతి నాకు తట్టనే లేదు. ఎవరికీ సందేహం మిగలకూడదని నా వంతుగా కింద ఒక వాక్యం చేర్చాను: ‘విశ్రాంతి అనగా పదవీ విరమణ అని గ్రహించవలెను.’ నెంబరు వేసి అన్ని విభాగాలకూ పంపించాను. పై కార్యాలయానికి ఒక ప్రతి.

ఎవరూ కిక్కురుమనలేదు. నలభై ఒక్కమందిలో ముప్పైతొమ్మిది మందికి ఇదేం కొత్త కాదు. ఇంతకాలం అనుమతి లేకుండా చేస్తున్న పనికి ఇప్పుడు ఉత్తర్వు దొరికింది, అంతే. వైఫల్య నివేదికలు గడువుకు ముందే వచ్చి నా బల్ల మీద పడ్డాయి. కందుల విభాగం వారి పొలంలో ఒక్క మడి మాత్రం పొరపాటున విరగకాసింది. ఆ విభాగాధిపతికి మెమో ఇచ్చాం. ఆయన రెండు గేదెలను మడిలోకి తోలించి తప్పు సవరించుకున్నారు.

నెల తిరక్కుండానే పై కార్యాలయం నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. నూటికి నూరు శాతం నివేదికలు సకాలంలో పంపిన ఏకైక సంస్థ మాదేనట. నివేదికల్లో ఏముందో వాళ్ళు చూడలేదు, ఎన్ని ఉన్నాయో చూశారు. ఆ పత్రాన్ని ఫ్రేము కట్టించి డైరెక్టరు గారి గదిలో గోడకు తగిలించాం.

సరిగ్గా ఆ వైభవంలో, మాఘమాసంలో ఒక బుధవారం పొద్దున డాక్టర్ బేబీ సరోజిని గారు నా గదిలోకి వచ్చారు. ఆవిడ పురుగుల విభాగంలో శాస్త్రవేత్త. నేను చెప్పిన ముప్పైతొమ్మిది మందిలో లేని ఇద్దరిలో ఒకరు. రెండో ఆయన మూడేళ్ళుగా సెలవులో ఉన్నాడు. ఆవిడ చేతిలో మినుములతో నిండిన గాజు జాడీ, వెనకాల మా పొలంలో కూలికి వచ్చే నాంచారమ్మ.

“పానకాలరావు గారూ, పని చేసిందండీ!”

“ఏదమ్మా?”

“నా మందు. ఈ గింజల్లో పురుగుల్ని వదిలి పద్నాలుగు నెలలైంది. ఒక్క గింజ పుచ్చలేదు చూడండి.”

“ఎంత పని చేశారమ్మా!” అంటూ లేచి తలుపు వేశాను.

సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. మా డెల్టాలో వరి కోతలప్పుడు నేలలో మిగిలిన ఆ తడి పదును మీదే మినుము చల్లుతారు. ఫాల్గుణంలో పీకి, నూర్చి, వచ్చే ఏటి విత్తనానికని కొంత దాచుకుంటారు. దాచినదాంట్లో సగం పుచ్చుపురుగు పాలవుతుంది. కిందటేడు నాంచారమ్మ ఎకరం చేను కౌలుకు తీసుకుని దాచిన గింజలు చల్లితే మూడోవంతు కూడా మొలవలేదు. చేను వదులుకుని మళ్ళీ మా దగ్గర కలుపు తీతకు వచ్చింది.

“కాలవ గట్టున పిచ్చిమొక్క ఉంటది గదండీ సూపర్నెంటు గారూ, గొడ్డు గూడా వాసన జూసి పక్కకి పోద్ది. గొడ్డు ముట్టనిది పురుగేం ముడద్దని నేనే అన్నా అమ్మగారితో” అంది నాంచారమ్మ.

“ఆవిడ అన్న ముక్క నిజమో కాదో తేల్చడానికి నాకు మూడేళ్ళు పట్టింది” అన్నారు సరోజిని గారు. “పసరు ఎక్కువైతే మొలక చస్తుంది, తక్కువైతే పురుగు బతుకుతుంది. ఇప్పటికి పాళ్ళు కుదిరాయి. ఫాల్గుణం లోపల సంస్థ ప్రకటన వెళ్ళాలండీ. గింజలు డబ్బాల్లోకి పోయాక చెబితే ఇంకో ఏడు పోయినట్టే.”

నేను ఆవిడ సర్వీసు రిజిస్టరు తీశాను. చూడనక్కర్లేదు, కానీ పద్ధతి ప్రకారం తీయాలి.

“మీ విశ్రాంతికి ఇంకా తొమ్మిదేళ్ళ నాలుగు నెలలుందమ్మా.”

“అయితే?”

“అప్పటిదాకా ఆగాలి.”

“అన్నేళ్ళు ఈ గింజలాగుతాయా?”

“పుచ్చవని మీరేగా అన్నారు.”

ఆవిడ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. జాడీని నా బల్ల మీద పెట్టి, నా ముఖంలోకి చూసి వెళ్ళిపోయారు. సంస్థ ఆమోదించని సంగతి బయట చెబితే ఉద్యోగం పోతుందని ఆవిడకు తెలుసు. ఆ రూలు పాతది, అది మాత్రం నేను రాసింది కాదు.

రూలు రూలే కాబట్టి మర్నాడే ఆవిడకు సంజాయిషీ నోటీసు పంపాను: విశ్రాంతికి ముందుగా విజయము సాధించినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదు? ఆవిడ జవాబు రెండు వాక్యాలు. ‘విజయంలో నా ప్రమేయం స్వల్పం. పురుగులు వాటంతట అవే చచ్చిపోయాయి.’

జవాబు సంతృప్తికరంగా లేదని త్రిసభ్య విచారణ సంఘం వేశాం. నేను కన్వీనరుని. మేం ముగ్గురం సమావేశపు గదిలో జాడీ బోర్లించుకుని, కళ్ళజోళ్ళు సర్దుకుని, ఒక్కొక్క గింజా ఏరడం మొదలుపెట్టాం. మాకు ఆవిడ మీద కోపమేం లేదు. ఒకే ఒక్క పుచ్చు గింజ దొరికితే ప్రయోగం విఫలమైందని రాసి ఆవిడను కాపాడేద్దామనే మా తాపత్రయం. రెండు రోజులు ఏరాం. దొరకలేదు.

ఆ పై వారం శుక్రవారం ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ గుమ్మంలో డబ్బా బోర్లించి, ఇడ్లీకి నానబోద్దామంటే మినుములన్నీ పుచ్చిపోయాయని సంస్థను, నన్ను కలిపి తిడుతోంది. “అన్నేసి మంది డాక్టర్లు కూర్చుని ఏం జేస్తున్నార్రా నాయనా అక్కడ? డబ్బాలో పురుగుని ఆపలేరూ?” నాకు ఒక ఉపాయం తట్టింది. పురుగులతో సహా ఒక గుప్పెడు పొట్లం కట్టుకుని, శనివారం ఎవరూ చూడకుండా సరోజిని గారి జాడీలో పోసి మూత పెట్టాను. నా సర్వీసులో నేను చేసిన మొదటి అక్రమం అదే. ఒక మనిషి ఉద్యోగం కాపాడటానికి కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

సోమవారం మూత తీశాం. మా ఇంటి పురుగులు వెల్లకిలా పడి ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. ఆవిడ నేరం ఇంకా ముదిరింది.

మిగిలిన ఇద్దరు సభ్యులూ తలలు పట్టుకున్నారు. నేను జాడీని కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి చూస్తూ నిలబడిపోయాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ ప్రాంగణంలో తిరుగుతున్నాను. అక్కడ తయారైనదేదో నిజంగా పని చేయడం కళ్ళారా చూడటం అదే మొదలు. నేను రాసిన ముసాయిదా తప్పేమోనన్న ఆలోచన కూడా మొదటిసారి అప్పుడే వచ్చింది, దాన్ని తరవాత తీరిగ్గా చూద్దామని పక్కన పెట్టాను.

ఆ వారమే డైరెక్టరు గారు తిరిగొచ్చారు. నేను ఫైలు చదివి వినిపించాను. ఆయన ముఖం ఎర్రబడింది.

“ఏమిటయ్యా ఇది? విశ్రాంతి అంటే ఇంటర్వెల్!”

“మా సెక్షన్‌లో ఇంటర్వెల్ లేదండి.”

“సినిమాలు చూశావుగా?”

“చూశానండి. ఉత్తర్వు మాత్రం ఆఫీసుది కదండి.”

రద్దు చేసేద్దామన్నారు. నేను వినయంగా గోడవైపు చూపించాను. ఆయన ప్రశంసాపత్రం రెండుసార్లు చదివారు. పై కార్యాలయం అప్పటికే ఆ ఉత్తర్వును మిగిలిన సంస్థలన్నిటికీ వర్తింపజేసింది. తప్పని ఒప్పుకుంటే రాష్ట్రమంతటా శ్రద్ధగా విఫలమవుతున్నవాళ్ళందరికీ జవాబు చెప్పుకోవాలి. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

“రెండర్థాలనూ సమన్వయించాలి పానకాలరావ్. పరిపాలన అంటే సమన్వయం. ఆ శిక్షణలో అదే నేర్పారు.”

సమన్వయం నేనే చేశాను, ఆ పాపంలో ఎవరికీ వాటా లేదు. విశ్రాంతి అంటే పదవీ విరమణ, అది కాగితం మీద ఉంది. దాని వ్యవధి పావుగంట, అది ఆడిటోరియం ఆనవాయితీ. కాబట్టి సరోజిని గారు పదకొండింటికి స్వచ్ఛందంగా పదవీ విరమణ చేస్తారు. పదకొండుంబావుకు తిరిగి చేరతారు. ఆపైన జరిగేదంతా విశ్రాంతి తరువాతే అవుతుంది కనుక విజయానికి అభ్యంతరం ఉండదు. డైరెక్టరు గారు లేచి నాకు కరచాలనం చేశారు.

వెళ్ళి సరోజిని గారికి చెప్పాను.

“ఏం తేడా రాదు కదండీ? ఉద్యోగమండీ ఇది.”

“పావుగంటకేం అవుతుందమ్మా? చేరిక పత్రం ముందే టైపు చేయించి జేబులో పెట్టుకుంటా. మీరు సంతకం పెట్టడమే తరువాయి. నాదీ పూచీ.”

బయట చేలల్లో మినుము పీకుతున్నారు. ఆవిడ కిటికీలోంచి అటు చూసి, సరేనన్నారు.

పదవీ విరమణ అన్నాక సన్మానం లేకుండా కుదరదు. డైరెక్టరు గారికి హాలు నిండుగా ఉండాలి కాబట్టి పొలంలో పనిచేస్తున్న ముప్పైమంది ఆడవాళ్ళనూ పిలిపించి వెనక వరసల్లో కూర్చోబెట్టాం. పదకొండింటికి ఆవిడ చేతికి విరమణ ఉత్తర్వు ఇచ్చాను. నా లెక్క ప్రకారం దండ ఒక నిమిషం, శాలువా ఒక నిమిషం, డైరెక్టరు గారి పలుకులు ఐదు నిమిషాలు, సరోజిని గారి స్పందన రెండు, ఫోటో ఒకటి. ఇంకా ఐదు నిమిషాలు మిగలాలి.

జ్యోతి వెలిగించడం దగ్గర ఫ్యాను ఆపడం మరిచిపోయాం. ఆరో అగ్గిపుల్లకు గాని వత్తి అంటుకోలేదు. ప్రార్థనాగీతం పాడిన టైపిస్టు రెండో చరణం కూడా అందుకుంది. పదకొండూ పదికి డైరెక్టరు గారు మైకు ముందుకొచ్చారు.

“విజ్ఞాన యజ్ఞంలో వైఫల్యమే సమిధ...” అని మొదలుపెట్టి, మానవుడు నిప్పు కనిపెట్టిన దగ్గర్నుంచి వరసగా వస్తున్నారు. పదకొండూ పదమూడుకు ఇనుప యుగంలో ఉన్నారు. నేను ముందు వరసలోంచి చేతి గడియారం చూపించాను. ఆయన చిరునవ్వు నవ్వి, కాలం యొక్క విలువ అనే అంశం మీదికి మళ్ళారు.

సరోజిని గారు వేదిక మీద దండతో కూర్చుని నావైపు చూస్తున్నారు. నేను చేరిక పత్రం జేబులోంచి తీసి పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాను. డైరెక్టరు గారు మాట్లాడుతుండగా వేదిక ఎక్కడం మా సంస్థలో ఇంతవరకు జరగలేదు. ఎక్కాల్సింది. ఆ నాలుగు మెట్లు ఎక్కాల్సింది. ఎక్కలేదు. పదకొండుంబావు దాటింది, పదకొండున్నర దాటింది. ఆయన పన్నెండూ ఐదుకు ముగించారు.

“ఇప్పుడు సన్మానగ్రహీత స్పందన” అన్నాడు ప్రకటించేవాడు.

ఆవిడ లేచి, దండ తీసి కుర్చీ మీద పెట్టి, మైకు దగ్గరికొచ్చి అందరి ముందూ నన్నే అడిగారు.

“పానకాలరావు గారూ, ఇప్పుడు నేను ఉద్యోగినేనాండీ?”

హాలంతా నావైపు తిరిగింది. నాకు అబద్ధం రాదు, రూలు వచ్చు.

“కాదమ్మా. గడువు దాటింది.”

“అయితే రూల్సు నాకు వర్తించవు కదూ?”

“వర్తించవమ్మా.”

ఆవిడ వెనక వరసలవైపు తిరిగారు. ఏ మొక్క, కుంచం గింజలకు ఎన్ని గుప్పెళ్ళ ఆకు, ఎలా నూరాలి, ఎలా పట్టించాలి, నీడలో ఎన్నాళ్ళు ఆరబెట్టాలి. అంతా కలిపి రెండు నిమిషాలు. “ఈ మొక్క సంగతి నాకు చెప్పింది నాంచారమ్మ. మరిచిపోతే ఆవిణ్ణి అడగండి” అని కూర్చున్నారు. ఆ మొక్క పేరు నేనిక్కడ రాయను, ఫైలు ఇంకా గోప్యంగానే ఉంది. కావాల్సినవాళ్ళు మా మండలంలో ఏ వాకిట్లో ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది.

డైరెక్టరు గారు అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు.

“విశ్రాంతి తరువాత ఫలించింది! నేను చెప్పలేదూ!”

అదే రోజు ఫైలు మీద ‘శుభం’ అని రాసి సంతకం పెట్టారు. కానీ ప్రకటన వెలువడాలంటే శాస్త్రవేత్త హోదాతో సంతకం కావాలి. సరోజిని గారికి హోదా లేదు. ఖాళీ అయిన పోస్టు ఖాళీ అయిన క్షణం నుంచీ రద్దు అని పొదుపు ఉత్తర్వు ఒకటుంది. పదకొండుంబావుకల్లా చేరి ఉంటే అసలు ఖాళీ అయినట్టే కాదు. చేరలేదు. రద్దు నోటీసు నా సెక్షన్ నుంచే వెళ్ళింది, నేనే సంతకం పెట్టాను. ఆవిడకు మిగిలి ఉన్న తొమ్మిదేళ్ళ సర్వీసు పోయింది. ఆ సాయంత్రం ఆవిడ భర్త స్కూటరు మీద వచ్చి, సన్మానపత్రం ముందు పెట్టుకుని, ఆవిణ్ణి ఎక్కించుకుని వెళ్ళాడు. నేను కిటికీ రెక్క చాటున నిలబడి చూశాను. ఎదురుపడే ముఖం లేదు నాకు.

పదవీ విరమణకు పావుగంట వ్యవధి ఏమిటని పై కార్యాలయం వివరణ అడిగింది. ఇలాంటి చిక్కులు మళ్ళీ రాకుండా సవరణ ఇమ్మన్నారు డైరెక్టరు గారు. రాశాను: ‘విశ్రాంతి యొక్క కాలవ్యవధిని ఇకమీదట ఎచ్చటను పేర్కొనరాదు.’ నెంబరు వేసి పంపించాను.

మళ్ళీ ఏడాది విజ్ఞాన వారోత్సవాలు ఫాల్గుణంలో పడ్డాయి. ఈసారి డైరెక్టరు గారు పరాయి దేశాల సినిమాలు వద్దన్నారు. సరోజిని గారి జీవితకథనే సినిమా తీయించారు. రంగుల్లో తీస్తే గాంభీర్యం రాదని నలుపు తెలుపులో తీశారు. అందులో ఆవిడ కారే పాకలో కూర్చుని దగ్గుతుంది. భర్త జాడీలు పగలగొడతాడు. నిజం భర్త రోజూ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి ఇచ్చేవాడు, కానీ దానివల్ల కథ నడవదట. డైరెక్టరు గారి పాత్ర డైరెక్టరు గారే వేశారు. సరోజిని గారికి ఆహ్వానం పంపాం, హోదా పేరు మీద. ఆ పోస్టు లేదని అది తిరిగి నా బల్ల మీదికే వచ్చింది.

లైట్లు ఆర్పారు. తెర మీద డైరెక్టరు గారు శాస్త్రవేత్తలకు ఉద్బోధ మొదలుపెట్టారు. సినిమా మొదలై పది నిమిషాలన్నా కాలేదు, ఇంకా ఏ ప్రయోగమూ మొదలు కాలేదు, కిటికీ దగ్గర ఈల పడింది. ఆ ఏడు కోటిలింగం గ్యాసు పొయ్యి పెట్టుకున్నాడు. ఆపరేటరు అలవాటుగా పలక వేశాడు. డైరెక్టరు గారి తెరిచిన నోటి మీద పెద్ద అక్షరాలతో ‘విశ్రాంతి’ అని పడింది.

జనం బయటికి నడిచారు. నేనూ నడిచాను. గేటు అవతల నిద్రగన్నేరు చెట్టు కింద ఆడవాళ్ళు గుంపుగా ఉన్నారు. పాస్ లేని బయటివాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు కాబట్టి సరోజిని గారు అక్కడే ఒక ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నారు. చుట్టూ డబ్బాలు, చేటలు. పోయినేడు దాచి, చల్లాక మిగిలిన విత్తనం ఎలా ఉందో చూపించడానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తెచ్చారు. నాంచారమ్మ ఈ ఏడు మళ్ళీ ఎకరం కౌలుకు తీసుకుందట, నడుముకు కొంగు బిగించి అందరినీ వరసలో నిలబెడుతోంది.

పునుగుల పొట్లం చేతిలోనే ఉంది. వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను.

“మీ తొమ్మిదేళ్ళూ నేనే పోగొట్టానమ్మా. పూచీ అని చెప్పి, ఆ నాలుగు మెట్లు ఎక్కలేకపోయాను.”

ఆవిడ చేతిలో డబ్బా కింద పెట్టారు.

“మరి పోగొట్టారుగా” అన్నారు మెల్లగా. తర్వాత ఒక చేట నా చేతికిచ్చారు. “కూర్చోండి. విచారణ సంఘంలో ఏరారు కదా, చెయ్యి తిరిగే ఉంటుంది. ఒక్క పుచ్చు గింజ దొరికినా నాకు చూపించండి.”

కింద కూర్చుని, పొట్లం పక్కన పెట్టి, ఏరడం మొదలుపెట్టాను. వెనక ఒక్కొక్కరే మా వాళ్ళూ వచ్చి నిలబడుతున్నారు. కందుల విభాగాధిపతి ఒక డబ్బా మూత తీసి లోపలికి తొంగిచూస్తున్నారు. లోపల గంట మోగింది. డైరెక్టరు గారి గొంతు మళ్ళీ మొదలైంది, ఖాళీ హాల్లోంచి ఒక్కరి చప్పట్లు కూడా వినిపించాయి.

“సెకండాఫ్ మొదలైనట్టుంది పానకాలరావు గారూ. హాజరు తప్పనిసరి కదా, వెళ్ళరా?”

“విశ్రాంతి ఎంతసేపో ఉత్తర్వులో లేదమ్మా” అన్నాను చేటలోంచి తలెత్తకుండా. “ఆ ముసాయిదా కూడా నాదే.”